విటమిన్ టాబ్లెట్లు వేసుకోవాలా, వద్దా? నా టేబుల్ మీదున్న ఐదు డబ్బాల రివ్యూ

నమస్తే అండీ. డబ్బాల దగ్గరికి వెళ్లే ముందు ఈ కాగితం ఒకసారి చూడండి. కెమెరాకి దగ్గరగా పెడతాను. ఇది నా థైరాయిడ్ రిపోర్ట్. థైరాయిడ్‌ని పనిచేయించే హార్మోను టీఎస్‌హెచ్ బాగా తక్కువ, థైరాయిడ్ తయారుచేసే హార్మోను టీ4 ఎక్కువ. ఈ రెండు అంకెలు చూసినవాళ్లెవరైనా థైరాయిడ్ అతిగా పనిచేస్తోందనే అంటారు. నాకూ అదే చెప్పారు, మందు మొదలుపెడదామన్నారు కూడా. నాకేమో గుండెదడ లేదు, బరువు తగ్గలేదు, చేతులు వణకట్లేదు. అయినా రిపోర్టే అలా చెబుతుంటే కాదనడానికి నేనెవరిని అనుకున్నాను.

మనసు ఊరుకోక ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆవిడ రిపోర్ట్ చూసి పక్కన పెట్టి, “జుట్టు కోసం ఏమైనా వేసుకుంటున్నావా అమ్మా?” అని అడిగారు. వేసుకుంటున్నాను. ఇదిగో, ఈ డబ్బానే. బయోటిన్ అనే బి విటమిన్, 10,000 మైక్రోగ్రాములు. పెద్దవాళ్లకి రోజుకి కావాల్సింది 30 మైక్రోగ్రాములు. అంటే మూడు వందల రెట్లకు పైగా, రోజూ, నాలుగు నెలలపాటు మింగాను.

విషయం ఏంటంటే, హార్మోన్లు కొలిచే కిట్లలో చాలావాటిలో బయోటిన్‌నే జిగురులాగా వాడతారు. మన రక్తంలోనే బయోటిన్ విపరీతంగా ఉంటే ఆ జిగురు పట్టాల్సిన చోట పట్టదు. దాంతో కొన్ని అంకెలు ఉన్నదానికన్నా తక్కువగా, కొన్ని ఎక్కువగా వస్తాయి. టీఎస్‌హెచ్ తగ్గి, టీ4 పెరిగి, అచ్చంగా జబ్బు ఉన్నట్టే కనిపిస్తుంది. ఆవిడ చెప్పినట్టు వారం రోజులు ఆపి మళ్లీ రక్తం ఇచ్చాను. రెండూ నార్మల్. లేని జబ్బుకి మందు వేసుకోవడం కొద్దిలో తప్పింది.

నాది థైరాయిడ్‌తో పోయింది. గుండెపోటు వచ్చిందో లేదో తేల్చే ట్రోపోనిన్ పరీక్ష కూడా కొన్ని కిట్లలో ఇలాగే తప్పుతుంది, ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది. అలా తప్పు రిపోర్ట్ వచ్చిన ఒక మనిషి చనిపోయినట్టు తమకు సమాచారం అందిందని అమెరికాలో మందుల మీద నిఘా పెట్టే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ 2017లో హెచ్చరిక ఇచ్చింది. ఇంత సంగతి ఉంది కదా, నా డబ్బా మీద ఎక్కడైనా ఉందా? తిప్పి చూపిస్తాను... మెరిసే జుట్టు ఉంది, గోళ్లు ఉన్నాయి, ఆ మాట లేదు. ఇక జుట్టు సంగతంటారా, బయోటిన్ లోపం చాలా అరుదు. లోపం లేనివాళ్లకి ఇది జుట్టు పెంచుతుందనడానికి గట్టి ఆధారం లేదు. కాబట్టి మొదటి డబ్బాకి నా తీర్పు: వద్దు.

అలాగని విటమిన్లంటేనే మోసం అనుకోకండి. ఆ మాట అస్సలు అనను. సముద్రం మీద నెలల తరబడి తిరిగే నావికులకు చిగుళ్లు కుళ్లి, పాత గాయాలు మళ్లీ తెరుచుకుని ప్రాణాలు పోయేవి. 1747లో జేమ్స్ లిండ్ అనే ఓడ వైద్యుడు 12 మంది రోగులను ఇద్దరిద్దరిగా విడదీసి, ఒక్కో జంటకి ఒక్కో వైద్యం చేశాడు. నారింజ, నిమ్మ పళ్లు తిన్న ఇద్దరూ వారంలోపే లేచి కూర్చున్నారు. ఒంట్లో లేనిది అందితే విటమిన్ అలా పనిచేస్తుంది. నిజంగా అద్భుతమే. కానీ ఆ వైద్యం పనిచేసింది విటమిన్ సి లేక పడిపోయిన మనుషుల మీద. ఖాళీ బిందెలో నీళ్లు పోస్తే నిండుతుంది. నిండిన బిందెలో పోస్తే ఏమవుతుందో ఇంట్లో చిన్నపిల్లలను అడిగినా చెబుతారు.

కొన్నిసార్లు పొర్లిపోవడంతో ఆగదు కూడా. ఈ వీడియో చేయడానికి అసలు కారణం ఇదే, కాబట్టి ఇక్కడ కాసేపు ఆగుతాను.

కూరగాయలు, పళ్లు బాగా తినేవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తక్కువగా కనిపించింది. వాళ్ల రక్తంలో బీటా కెరోటిన్ ఎక్కువగా ఉంది. అంటే క్యారెట్‌కి ఆ రంగునిచ్చే పదార్థం. మన ఒంట్లోకి వెళ్లాక అది విటమిన్ ఎ అవుతుంది. మరి దాన్నే టాబ్లెట్‌గా ఇస్తే క్యాన్సర్ ఆగుతుంది కదా అనుకున్నారు. వినడానికి ఎంత సబబుగా ఉంది! ఫిన్లాండ్‌లో సిగరెట్లు తాగే 29,133 మంది మగవాళ్లను తీసుకుని, కొందరికి రోజుకి 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ ఇచ్చారు, కొందరికి ఇవ్వలేదు. ఐదు నుంచి ఎనిమిదేళ్లు చూశారు. 1994లో ఫలితం బయటికొచ్చింది. టాబ్లెట్ వేసుకున్నవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువ. తక్కువ కాదండీ, ఎక్కువ.

ఏదో లెక్క తేడా అనుకోవడానికి కూడా లేదు. అదే సమయంలో అమెరికాలో సిగరెట్ అలవాటున్నవాళ్లు, మానేసినవాళ్లు, ఆస్బెస్టాస్ దుమ్ములో పనిచేసినవాళ్లు కలిపి 18,314 మంది మీద ఇంకో పరీక్ష నడుస్తోంది. అందులో బీటా కెరోటిన్‌తో పాటు విటమిన్ ఎ కూడా ఇస్తున్నారు. అక్కడ 28 శాతం ఎక్కువ క్యాన్సర్లు తేలాయి. మరణాలు 17 శాతం ఎక్కువ. 1996 జనవరిలో, అనుకున్న గడువు కన్నా 21 నెలల ముందే ఆపేశారు.

ఆలోచించండి. వాళ్లంతా మంచి జరుగుతుందని నమ్మి, రోజూ గుర్తుపెట్టుకుని మరీ వేసుకున్నారు. మీరు క్యారెట్ తినడం మానక్కర్లేదు, తప్పు క్యారెట్‌ది కాదు. పండులో, కూరలో ఉన్న వందలాది పదార్థాల్లోంచి ఒకదాన్ని బయటికి లాగి పెద్ద మోతాదులో ఇస్తే, అది పండు చేసే పని చేయలేదు. సిగరెట్ తాగేవాళ్లు, ఈమధ్యే మానేసినవాళ్లు ఎవరైనా ఈ వీడియో చూస్తుంటే, మీ డబ్బా వెనక బీటా కెరోటిన్ ఎంత ఉందో ఈ రోజే చూడండి.

విటమిన్ ఇ కథా ఇంచుమించు ఇదే. ప్రోస్టేట్ క్యాన్సర్ తగ్గుతుందేమోనని 35,000 మందికి పైగా మగవాళ్ల మీద చూశారు. రోజుకి 400 యూనిట్ల విటమిన్ ఇ ఒక్కటే వేసుకున్నవాళ్లలో ఆ క్యాన్సర్ 17 శాతం పెరిగిందని 2011లో తేలింది. ఇది నా రెండో డబ్బా. చర్మానికి మంచిదని ఎవరో చెబితే కొన్నది. వద్దు.

మూడోది విటమిన్ సి. దీని గురించి ఎక్కువ చెప్పను. రెండు నోబెల్ బహుమతులు అందుకున్న లైనస్ పాలింగ్ 1970లో జలుబుకి ఇదే మందన్నాడు. అంత పెద్ద మనిషి చెబితే లోకం నమ్మింది. తర్వాత జరిగిన పరీక్షలన్నీ కలిపి చూస్తే, రోజూ వేసుకున్నా మామూలు మనుషులకి జలుబు రావడం తగ్గలేదు. వచ్చిన జలుబు కొంచెం త్వరగా పోయింది, పెద్దవాళ్లలో 8 శాతం. అంటే వారం జలుబులో సగం రోజు. జలుబు వచ్చాక మొదలుపెడితే ఆ లాభం కూడా సరిగ్గా కనబడలేదు. గ్రాముల లెక్కన వేసుకుంటే కడుపు పాడవుతుంది, కొందరికి కిడ్నీలో రాళ్లు వచ్చే అవకాశం పెరుగుతుంది. దానికి ఒక నారింజ తింటే పోలా.

నాలుగోది, అందరి ఇళ్లల్లో ఉండేది, మల్టీవిటమిన్. దీని మీద నిజాయితీగా చెప్పాలంటే నాకు అంత కోపం లేదు. 50 ఏళ్లు దాటిన 14,641 మంది మగ డాక్టర్ల మీదే పదకొండేళ్లకు పైగా పరీక్ష చేస్తే క్యాన్సర్లు మొత్తం మీద 8 శాతం తగ్గాయి. గుండెజబ్బులు, గుండెపోట్లు మాత్రం తగ్గలేదు. వేరే చోట, ఆరోగ్యంగా ఉన్న 3,90,000 మందికి పైగా మనుషులను ఇరవై ఏళ్లకు పైగా గమనిస్తే, రోజూ మల్టీవిటమిన్ వేసుకున్నవాళ్లు ఎక్కువ కాలం బతికారని తేలలేదు. అది 2024లో వచ్చిన లెక్క. కాబట్టి ఆకలి లేక సరిగా తినలేని ముసలివాళ్లు, పేగుకి ఆపరేషన్ అయినవాళ్లు, వీళ్లకి అర్థముంది. శుభ్రంగా తినేవాళ్లకి దీనితో పెద్దగా నష్టం లేదు, పెద్దగా లాభమూ లేదు. “రాత్రి నిద్రపోను, కూర తినను, టాబ్లెట్ వేసుకుంటున్నాగా” అనే ధైర్యం ఇస్తే మాత్రం నష్టమే.

విటమిన్ డి గురించి ఒక్క ముక్క. 25,871 మందిలో సగం మందికి రోజుకి 2,000 యూనిట్లు ఇచ్చి ఐదేళ్ల పైన చూస్తే క్యాన్సర్లు తగ్గలేదు, గుండెపోట్లు తగ్గలేదు, ఎముకలు విరగడమూ తగ్గలేదు. వాళ్లలో చాలామందికి ముందు నుంచే డి సరిపడా ఉంది, మన బిందె లెక్కే. పరీక్షలో లోపం తేలినవాళ్ల సంగతి వేరు, వాళ్లు తప్పకుండా వేసుకోవాలి. డాక్టరు వారానికి ఒకటి వేసుకోమన్న పెద్ద డోసుని పొరపాటున రోజూ మింగి, రక్తంలో కాల్షియం పెరిగిపోయి, వాంతులతో, కిడ్నీలు దెబ్బతిని ఆసుపత్రిలో చేరేవాళ్లుంటారు. సి, బి ఎక్కువైతే చాలావరకు మూత్రంలో పోతాయి. ఎ, డి, ఇ, కె అలా కాదు, ఒంట్లోనే పేరుకుంటాయి. బి6 నీళ్లలో కరిగేదే అయినా పెద్ద డోసు చాలాకాలం వాడితే నరాలు దెబ్బతింటాయి.

మరి టాబ్లెట్ తప్పకుండా వేసుకోవాల్సినవాళ్లు లేరా? ఉన్నారు. బిడ్డ కావాలనుకుంటున్న ప్రతి ఆడమనిషికీ ఈ మాట చేరాలి: ఫోలిక్ యాసిడ్, రోజుకి 400 మైక్రోగ్రాములు, గర్భం రాకముందే మొదలుపెట్టాలి. ఎందుకంటే బిడ్డ మెదడు, వెన్నుపాము తయారయ్యే గొట్టం గర్భం నిలిచిన నాలుగు వారాల్లోనే మూసుకుంటుంది. అప్పటికి చాలామందికి నెల తప్పిన సంగతే తెలీదు. ఇదివరకు ఆ గొట్టం సరిగా మూసుకోని లోపంతో బిడ్డ పుట్టిన తల్లులకు పెద్ద డోసులో ఫోలిక్ యాసిడ్ ఇస్తే మళ్లీ ఆ లోపం రావడం 72 శాతం తగ్గిందని 1991లో తేలింది. డెబ్బై రెండు శాతం! జలుబు లెక్క పక్కన ఈ లెక్క పెట్టి చూడండి. మీకు ఇదివరకే అలా జరిగి ఉంటే డోసు డాక్టరే చెప్పాలి, 400 సరిపోదు. ఇంకోటి, గర్భంతో ఉన్నప్పుడు విటమిన్ ఎ పెద్ద డోసులు వద్దు, అవి బిడ్డకి హాని చేస్తాయి.

ఇక ఐదో డబ్బా. ఇది నాది కాదు, అమ్మది. అమ్మకి షుగర్, ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడుతోంది. అరికాళ్లలో తిమ్మిర్లు, సూదులు గుచ్చినట్టు ఉంటుందనేది. షుగర్ ఉంటే అంతేలే అని అందరం అనేశాం, నేను కూడా. చివరికి బి12 పరీక్ష చేయిస్తే చాలా తక్కువ ఉంది. మెట్‌ఫార్మిన్ ఎక్కువ కాలం వాడితే బి12 ఒంటికి పట్టడం తగ్గుతుంది. గ్యాస్ టాబ్లెట్లు ఏళ్లకేళ్లు వాడేవాళ్లకీ అంతే. మాంసం, గుడ్లు, పాలు ఏవీ ముట్టనివాళ్లకి అసలు తిండిలోనే దొరకదు. కాలేయంలో నిల్వ ఉండటం వల్ల లోపం బయటపడటానికి ఏళ్లు పడుతుంది, ఈలోపు నరాలు పాడవుతుంటాయి. ఫోలిక్ యాసిడ్ ఒక్కటే వేసుకుంటే రక్తహీనత బాగుపడినట్టు కనిపించి ఈ లోపం మరుగున పడిపోతుంది కూడా.

ఈ డబ్బా మీద 1,000 మైక్రోగ్రాములు అని ఉంది. రోజుకి కావాల్సింది 2.4. బయోటిన్‌ని తిట్టి దీన్ని మెచ్చుకుంటావేంటి అంటారేమో. కడుపు సహజంగా ఒక విడతలో ఒకటీ రెండు మైక్రోగ్రాములే పట్టుకోగలదు. ఆ దారి సరిగా లేనప్పుడు, వేసినదాంట్లో నూటికి ఒక వంతు దానంతటదే రక్తంలోకి జారుతుంది. వెయ్యి వేస్తే పది చేరతాయి. అందుకే ఆ అంకె. డాక్టరు లెక్కేసి రాసిన డోసు అది.

మీ ఇంట్లోనూ ఇలా డబ్బాలుంటే, ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు అన్నీ సంచిలో వేసుకుని వెళ్లండి, ఆయుర్వేదం, ప్రోటీన్ పౌడర్‌తో సహా. రక్తం పల్చబడటానికి వార్ఫరిన్ వాడేవాళ్లకి విటమిన్ కె అడ్డం పడుతుంది. థైరాయిడ్ మాత్రకీ కాల్షియం, ఐరన్‌కీ నాలుగు గంటల ఎడం ఉండాలి. మనం చెప్పకపోతే వాళ్లకి తెలిసే దారి లేదు. నన్ను మొదట చూసినవాళ్లు అడగలేదు నిజమే, నేనూ చెప్పలేదు.

అమ్మ కాళ్లు ఒక్కరోజులో బాగవలేదండీ. నాలుగైదు నెలలు పట్టింది. కుడికాలి బొటనవేలి దగ్గర ఇంకా కొంచెం మొద్దుగానే ఉందంటుంది. ఇంకాస్త ముందే పరీక్ష చేయించి ఉంటే బాగుండేది. ఈ నాలుగు డబ్బాలూ తీసేస్తున్నాను. ఇది మాత్రం అమ్మ మంచం పక్కన పెట్టి వస్తా.