ఫ్రాంకెన్‌ముత్ చర్చి: ఊరికంటే ముందు పుట్టిన సంఘం

అందరికీ నమస్కారం.

అమెరికాకు వలస వచ్చిన జర్మన్లు కట్టుకున్న లూథరన్ చర్చిలు ఎన్నో ఉన్నాయి. చాలాచోట్ల ముందు మనుషులు వచ్చారు, పొలాలు కొన్నారు, ఇళ్లు వేసుకున్నారు. పాస్టరు కోసం వెతుక్కోవడం ఆ తరువాతి మాట. మిషిగన్ రాష్ట్రంలోని ఫ్రాంకెన్‌ముత్‌లో సెయింట్ లోరెంజ్ చర్చి కథ ఇందుకు తలకిందులు. వాళ్లు ఓడ ఎక్కకముందే జర్మనీలో సంఘంగా ఏర్పడి, నియమావళి రాసుకుని, పాస్టరుతో సహా బయలుదేరారు.

ఈ ఆలోచన విల్హెల్మ్ లోహెది. బవేరియాలోని ఫ్రాంకోనియా ప్రాంతంలో నోయెన్‌డెట్టెల్సావ్ అనే పల్లెకు ఆయన పాస్టరు. అమెరికాలో చెల్లాచెదురుగా ఉన్న జర్మన్లకు బోధకులు లేరన్న, అక్కడ పనిచేస్తున్న పాస్టరు ఫ్రీడ్రిక్ వినెకెన్ విజ్ఞప్తి ఆయనను కదిలించింది. మొదట బోధకులను పంపారు. తరువాత ఇంకా పెద్ద ఆలోచన చేశారు. ఆదివాసుల దగ్గరకు ఒంటరి మిషనరీ కాదు, ఒక ఊరే వెళ్లాలి. రైతులు వాళ్ల పక్కనే కాపురముండి, దున్నుకుంటూ, పిల్లలను పెంచుకుంటూ, తమ బతుకుతోనే విశ్వాసాన్ని చూపాలి. మాటకంటే నడవడిని ముందు నిలిపిన ఈ ఆలోచన మీద నాకు నిజమైన గౌరవం ఉంది.

1845 ఏప్రిల్ 20న ఆ చిన్న బృందం కారొలీన్ అనే ఓడలో బ్రెమెన్ రేవు నుంచి కదిలింది. పాస్టరు ఆగస్ట్ క్రేమర్. ఆస్తి లేనివారు పెళ్లి చేసుకోవడానికి అప్పటి బవేరియా చట్టాలు అడ్డం. అందుకే కొన్ని జంటలు దేశం విడిచి వెళ్తూ పెళ్లి చేసుకున్నాయి. తుపానులు, మశూచి దాటుకుని జూన్‌లో న్యూయార్క్ చేరి, వేసవి ముగిసేలోపు సాగినా లోయలో కాస్ నది ఒడ్డున నిలిచారు.

అక్కడ ప్రభుత్వం నుంచి ఎకరా రెండున్నర డాలర్ల చొప్పున 680 ఎకరాలు కొన్నారు. ఈ నేల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. 1819లో అమెరికా ప్రభుత్వంతో చేసుకున్న ఒప్పందంలో అక్కడి ఆదివాసులైన ఒజిబ్వే ప్రజలు, అంటే చిప్పెవాలు, మిషిగన్‌లో విస్తారమైన భూమిని వదులుకున్నారు. తమకోసం ఉంచుకున్న కొద్దిపాటి భాగాలు కూడా 1837 ఒప్పందంతో పోయాయి. అదే కాలంలో మశూచి వాళ్ల పల్లెలను ఊడ్చేసింది. ఎవరికి పొరుగువారుగా ఉండాలని ఈ రైతులు వచ్చారో, వారి చేయి జారిన నేలనే కొన్నారు. అడవిని నరికేకొద్దీ వేట తగ్గింది, వేట తగ్గేకొద్దీ ఒజిబ్వేలు దూరం జరిగారు. లోహె ఆలోచనలోని లోపం ఇక్కడే ఉందని నా అభిప్రాయం. వచ్చినవారి భక్తిని నేను శంకించను. కానీ ఎంత భక్తి ఉన్నా, వాళ్ల నాగలి చేసిన పని వాళ్ల బోధకు ఎదురు నిలిచింది.

క్రేమర్ మాత్రం మనసుపెట్టి పనిచేశారు. దుబాసీని వెంటబెట్టుకుని పల్లెపల్లెకూ తిరిగారు. ఒజిబ్వే పిల్లలను ఇంట్లోనే ఉంచుకుని చదువు చెప్పారు. వాళ్లకు వండిపెట్టి, జబ్బు చేస్తే సేవ చేసిన మనిషి ఆయన భార్య డొరొతియా. ఆమె పేరు చరిత్రలో ఇంకా గట్టిగా వినిపించాల్సింది.

1847లో ఎడ్వర్డ్ బయర్లైన్ అనే మిషనరీ సాయంగా వచ్చారు. ఆయన అడవిలోకి ఇంకా లోపలికి వెళ్లి, పైన్ నది దగ్గర బెతనీ అనే మిషన్ కేంద్రం పెట్టి, ఒజిబ్వే భాష నేర్చుకున్నారు. 1853లో లైప్‌జిగ్ మిషన్ అనే జర్మన్ లూథరన్ సంస్థ ఆయనను మన దక్షిణాదికి, తమిళనాట కడలూరు వైపు పంపింది. అప్పటికే గుంటూరులో అమెరికా నుంచి వచ్చిన పాస్టరు హయ్యర్ మొదలుపెట్టిన లూథరన్ మిషన్ పదకొండేళ్లు నిండినది. అక్కడ విన్నవారు తమ పల్లెల్లోనే ఉండిపోయారు కాబట్టి సంఘం వారిదే అయింది, 1927లో ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ చర్చిగా రూపుదిద్దుకుంది. బెతనీలో ఆ అవకాశమే రాలేదు. 1855 ఒప్పందం తరువాత ఒజిబ్వేలు ఇసబెల్లా కౌంటీకి తరలిపోయారు, మిషన్ క్రమంగా మూతపడింది.

సెయింట్ లోరెంజ్ సంఘం మాత్రం పెరిగింది. 1846లో రెండో బృందం రాగానే దుంగలతో చర్చి కట్టారు. 1847లో మిస్సోరి సినడ్ అనే లూథరన్ సంఘాల సమాఖ్య ఏర్పడినప్పుడు తొలి సంఘాల్లో ఇదీ ఒకటి. బోధక పదవి గురించిన వాదంలో కొన్నేళ్లకే ఆ సినడ్‌కూ లోహెకూ చెడింది. తనను కన్న మనిషికి ఈ సంఘం అలా దూరమైంది. ఇప్పుడు మనం చూస్తున్న ఇటుక చర్చి 1880 నాటిది.

డెట్రాయిట్ చుట్టుపక్కల ఉంటున్న తెలుగు కుటుంబాలకు ఫ్రాంకెన్‌ముత్ అంటే క్రిస్మస్ అలంకరణల దుకాణం, చికెన్ భోజనం. ఈసారి వెళ్లినప్పుడు చర్చి లోపలికి కూడా వెళ్లండి. వీలైతే మౌంట్ ప్లెజెంట్ దాకా వెళ్లండి. సాగినా చిప్పెవా జాతివారు అక్కడ జిబివింగ్ సెంటర్ అనే మ్యూజియం నడుపుతున్నారు. ఆ ఒప్పందాల గురించి వారు చెప్పేది అక్కడ వారి మాటల్లోనే తెలుసుకోవచ్చు.