మాట వినిపించని వసపిట్ట

శ్రోతలకు నమస్కారం. ఈ పూట మనకొచ్చిన అతిథి రేడియోకి అస్సలు పనికిరాని అతిథి. ముఖం చూపిద్దామంటే ఇది రేడియో. గొంతు వినిపిద్దామంటే ఏడు సీజన్లలో ఆయన పలికిన మాట ఒక్కటీ లేదు. పేరు మోర్న్. అమెరికాలో 1993 నుంచి 1999 దాకా నడిచిన ‘స్టార్ ట్రెక్: డీప్ స్పేస్ నైన్’ ధారావాహికలో, అంతరిక్ష కేంద్రంలోని మద్యశాలలో, ఎప్పుడూ అదే కుర్చీలో కూర్చునే గ్రహాంతరవాసి. లూరియన్ జాతివాడు. బోడిగుండు, ముడతలు పడిన పెద్ద ముఖం, ముందు ఒక గ్లాసు. మన టీ కొట్టు బెంచీ మీద పొద్దున్నుంచి సాయంత్రం దాకా కనిపించే పెద్దమనిషి లేడూ, అచ్చం అలాగే.

పేరులోనే ఒక చమత్కారం ఉంది. అప్పట్లో అమెరికాలో ‘చీర్స్’ అనే హాస్య ధారావాహిక పేరుమోసింది. బోస్టన్ నగరంలోని ఒక బార్ కథ అది. అందులో రోజూ అదే స్టూలు మీద కూర్చునే ఖాతాదారు పేరు నార్మ్. ఇంగ్లీషులో ఆ నాలుగు అక్షరాలనూ కలిపి మళ్లీ పేర్చారు, మోర్న్ పుట్టాడు. అంటే మొదట్లో ఈ పాత్ర ఒక జోకు, అంతే. మేకప్ నిపుణుడు మైకేల్ వెస్ట్‌మోర్ బృందం చేసిన ముసుగును తలంతా కప్పేలా తొడుక్కుని ఆ కుర్చీలో కూర్చున్నవాడు మార్క్ అలెన్ షెపర్డ్. ఆయన చిత్రకారుడు కూడా. ఆయన గీసిన బొమ్మలు కొన్ని ఆ సెట్ల గోడల మీదే వేలాడాయి.

ఇక్కడ ఒక లెక్క చెప్పాలి. అమెరికా నటుల సంఘం ఒప్పందాల ప్రకారం, వెనకాల నిలబడే జూనియర్ ఆర్టిస్టు కథలో ఒక్క డైలాగు చెప్పాడంటే మాటలున్న నటుల జాబితాలోకి మారిపోతాడు. రోజు కూలి పెరుగుతుంది, పునఃప్రసారం జరిగినప్పుడల్లా డబ్బు రావాలి. తెర మీద అంతమంది నోరు మెదపకుండా ఎందుకు తిరుగుతుంటారో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు. మామూలుగా అయితే అలాంటి పాత్రకు లోతు ఏముంటుంది? బెల్లం కొట్టిన రాయిలా కూర్చోవడమే.

కానీ ఈ రచయితలు ఒక తమాషా పని చేశారు. ఆ మౌనానికి సరిగ్గా ఎదురుగా ఒక పుకారు పుట్టించారు: మోర్న్ పరమ వసపిట్ట, మొదలుపెడితే ఆపడు, అతని చేతికి చిక్కితే ఇక అంతే అని. ఈ మాట మిగతా పాత్రలు అంటుంటాయి. మనకు మాత్రం ఏమీ వినబడదు. ఎందుకంటే సన్నివేశం ఎప్పుడూ మోర్న్ మాట ముగిశాక మొదలవుతుంది, లేకపోతే అతను నోరు తెరవబోయే సమయానికి తెగిపోతుంది. కత్తెర ఆ ఒక్క క్షణం జారినా అన్నాళ్ల హాస్యమూ చచ్చిపోతుంది. గొంతు ఒకసారి వినిపించాక అది ఎవరి గొంతో ఒకరిది అయిపోతుంది. మనం మనసులో కట్టుకున్న గొంతు ఇక ఉండదు.

హాస్యం సరే, అసలు బరువు మరోచోట ఉంది. ఆరో సీజన్, 1997. అంతరిక్ష కేంద్రం శత్రువుల చేతికి చిక్కింది. వాళ్ల అదనపు సేనలు రావలసిన వార్మ్‌హోల్, అంటే అంతరిక్షంలో దూరాలను కలిపే సొరంగం, దాని ముఖద్వారాన్ని కథానాయకుల పక్షమైన ఫెడరేషన్ మందుపాతరలతో మూసేసింది. వాటిని తొలగించే ఉపాయం శత్రువుకు దొరికిందని లోపలున్న మనవాళ్లకు తెలిసింది. కేంద్రాన్ని వదిలి బయట ఉన్న దాని అధిపతి కెప్టెన్ సిస్కోకి ఆ కబురు చేరాలి. ఎవరు తీసుకెళ్లాలి? తల్లి పుట్టినరోజుకని ఊరికి బయల్దేరిన మోర్న్. కబురు అతని కానుకతో పాటు దాటిపోయింది. తాగుబోతును ఎవరు సోదా చేస్తారు! ఆ కబురు అందబట్టే సిస్కో తన బలగాలన్నీ కూడకముందే కదిలాడు. ఇంత చేసినవాడి మీద కథ నిలిచేది నిమిషం సేపు కూడా కాదు, వెంటనే యుద్ధనౌకల వెంట పరుగెత్తుతుంది. ఈ పాత్రను సరిగ్గా వాడుకోలేదన్న ఫిర్యాదుకు ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

కొన్ని నెలలకు, 1998 ఫిబ్రవరిలో, అతని పేరుతోనే ఒక కథ వచ్చింది. ‘మోర్న్ కోసం ఏడ్చేదెవరు’ అని అర్థం వచ్చే శీర్షిక. విచిత్రం ఏమిటంటే ఆ కథలో ఎక్కువ భాగం మోర్న్ ఉండడు. పనిమీద ఊరెళ్లాడు. కుర్చీ ఖాళీగా ఉంటే వ్యాపారం పడిపోతుందని మద్యశాల యజమాని క్వార్క్ ఆ కుర్చీలో అతని హోలోగ్రామును, అంటే కాంతితో చేసిన ప్రతిరూపాన్ని, కూర్చోబెడతాడు. ఇంతలో అయాను తుఫానులో మోర్న్ పోయాడని వార్త. వీలునామా ప్రకారం ఆస్తంతా క్వార్క్‌కి.

ఇక మనుషులు నోళ్లు విప్పుతారు. వోర్ఫ్ లాంటి యోధుడు, అతను మంచి కుస్తీజోడు అంటాడు. కేంద్రంలోని సైన్స్ అధికారిణి జాడ్జియా డాక్స్, ఒకప్పుడు అతని మీద మనసు పడ్డాననీ, అతనే పట్టించుకోలేదనీ ఒప్పుకుంటుంది. క్వార్క్ వెళ్లి అతని గది తలుపు తీస్తే మంచం లేదు, బురద తొట్టి ఉంది. గోడకి ఎద్దుతో పోరాడే మనిషి బొమ్మ. ఈ కథలో గొప్ప భాగం ఇదే అని చెప్పాలి. తర్వాత వచ్చే వేట మామూలు ప్రహసనం: మాజీ భార్యనంటూ ఒకామె, అన్నదమ్ములిద్దరు, లూరియా రాచ భద్రతాధికారినంటూ ఒకడు, వాళ్ల నోట మోర్న్ యువరాజు కూడా అయిపోతాడు. నలుగురూ దొంగలే. మోర్న్ ఐదోవాడు. పాత దోపిడీలో కొట్టేసిన 1,000 ఇటుకల లాటినం కోసం వాళ్ల వేట.

లాటినం అంటే ఈ ప్రపంచంలో డబ్బు. ద్రవంగా ఉంటుంది కాబట్టి బంగారంలో పోసి బిగిస్తారు, బంగారానికి మాత్రం విలువ లేదు. క్వార్క్ చేతికి ఇటుకలు చిక్కాయి. విరిచి చూస్తే లోపల ఒట్టి బంగారం పొడి! లాటినం ఎక్కడికి పోయింది? చివర్న మోర్న్ బతికే తిరిగొస్తాడు, తన కుర్చీలో కూర్చుంటాడు, గ్లాసులోకి కొంచెం కక్కుతాడు. అది లాటినం. ఇన్నేళ్లుగా తన రెండో పొట్టలో దాచుకున్నాడు. జుట్టు ఊడిపోయింది అందుకే. నోరు తెరిస్తే కోట్లు కారే మనిషిని మనం ఏళ్లుగా తాగుబోతు అనుకున్నాం.

ఈసారి ఆ భాగం చూస్తే సంతాప సభ దగ్గర కాస్త ఆగండి. కుర్చీ చల్లబడకూడదని క్వార్క్ జనంలోంచి ఒకణ్ణి లాగి మోర్న్ స్థానంలో కూర్చోబెడతాడు. మోర్న్ ముసుగు లేదు, కొంచెం బిడియంగా కూర్చుంటాడు. అతనే మార్క్ అలెన్ షెపర్డ్.