ట్రావెల్ సేఫ్టీ కిట్ రివ్యూ: తిరుపతికి ఆఫీసు పనిమీద వచ్చేవాళ్లు కొనొచ్చా?

నమస్కారం అండీ. శ్రీసిటీకో, రేణిగుంట ఎలక్ట్రానిక్స్ కంపెనీలకో ఆడిట్లు, మీటింగులని వచ్చి తిరుపతిలో రూము తీసుకునేవాళ్ల కోసం ఈ వీడియో. ఆన్‌లైన్‌లో ట్రావెల్ సేఫ్టీ కిట్ అని ఒక జిప్ పౌచ్ అమ్ముతుంటారు కదా, అదే ఇది. లోపల డోర్ స్టాప్ అలారం, పవర్ బ్యాంక్, చిన్న టార్చి, విజిల్, మడత కత్తి, ఫస్ట్ ఎయిడ్ సామాను, ఒంటి వేడి పోకుండా కప్పుకునే రేకు దుప్పటి, దిక్సూచి ఉన్నాయి.

ముందు అసలు తిరకాసు చెప్తా. ఈ పౌచ్‌ని ఉన్నదున్నట్టు పట్టుకుని విమానం ఎక్కలేరు. పవర్ బ్యాంక్ చెక్-ఇన్ లగేజీలో వేయకూడదు, చేతిసంచిలోనే ఉండాలి. కత్తేమో చేతిసంచిలో ఉంటే సెక్యూరిటీ దగ్గరే తీసేసుకుంటారు. రెండూ ఒకే జిప్పులో పెట్టి అమ్మిన మహానుభావుడు ఎయిర్‌పోర్టు గడప తొక్కినట్టు లేడు. ఇంట్లోనే విడదీసి సర్దుకోండి.

పవర్ బ్యాంక్ వెనక చూడండి: 20,000 ఎంఏహెచ్, 3.7 వోల్టులు. రెండూ గుణించి వెయ్యితో భాగిస్తే 74 వాట్ అవర్లు. విమానంలో 100 వాట్ అవర్ల దాకా మామూలుగా తీసుకెళ్లొచ్చు, 100 దాటి 160 లోపైతే ఎయిర్‌లైన్ అనుమతి కావాలి. ఈ అంకెలు అరిగిపోతే ఎంత కెపాసిటీ అని మీరు చూపించలేరు, అక్కడ చిక్కు వస్తుంది. పైన సెల్లో టేపు అంటించేయండి.

ఇక డోర్ స్టాప్ అలారం. కిట్‌లో కాస్త పనితనం ఉన్నవాటిలో ఇదొకటి. తలుపు కిందికి దూర్చే ఏటవాలు ముక్క లాంటిది, పైన ఇనప రేకు, లోపల 9 వోల్టుల బ్యాటరీ. బయటినుంచి తలుపు తోస్తే రేకు కిందికి నొక్కుకుని సైరన్ మోగుతుంది. తలుపు రూములోకి తెరుచుకునేదైతేనే పనిచేస్తుంది, బయటికి తెరుచుకుంటే దండగ. మన హోటళ్లలో నున్నటి టైల్సూ గ్రానైటే జాస్తి. కింద రబ్బరుకి దుమ్ము పట్టిందంటే మోగుతూనే తలుపుతో పాటు జారిపోతుంది. తడిగుడ్డతో రబ్బరునీ నేలనీ తుడిచి, ఆరాక పెట్టండి. తలుపు కింద సందు మరీ ఎక్కువున్నా రేకుకి తగలదు, పెట్టగానే ఒకసారి మెల్లగా లాగి చూసుకోండి. బ్యాగులో వేసేటప్పుడు బ్యాటరీ తీసేయండి, లేకపోతే సామాను ఒత్తిడికి బస్సులోనే కూతపెడుతుంది.

ఇంకోమాట. గుండెజబ్బు, ఫిట్స్, షుగర్ పడిపోయే ఇబ్బంది ఉండి ఒంటరిగా దిగేవాళ్లు దీన్ని వాడొద్దని నా సలహా. లోపల పడిపోతే హోటల్ వాళ్లు తలుపు తీసి రాలేరు. రాత్రి ఇన్నింటికి నాకు ఫోన్ చేయండి, నేను ఎత్తకపోతే రిసెప్షన్‌కి చెప్పండి అని ఇంట్లోవాళ్లకి చెప్పిపెట్టడం అంతకన్నా మేలు.

టార్చి చిన్నదే కానీ మంచిది. బ్యాగులో కాదు, దిండు పక్కన ఉండాలి. గోడకున్న స్లాటులోంచి కీకార్డు తీయగానే గదిలో లైట్లు ఆరిపోతాయి, మంటలొస్తే కరెంటే ఉండకపోవచ్చు. రూములో దిగగానే మీ తలుపు నుంచి మెట్లదాకా ఎన్ని తలుపులున్నాయో లెక్కపెట్టుకోండి. పొగలో బోర్డులు కనపడవు, గోడ తడుముకుంటూ ఆ లెక్కతోనే పోవాలి. లిఫ్ట్ జోలికి పోవద్దు. వరండా అంతా పొగైతే బయటికి రాకుండా తలుపు కింద తడి టవల్ కుక్కి, కిటికీ దగ్గర టార్చి ఊపండి. గొంతు పోయినా విజిల్ పలుకుతుంది.

2024 అక్టోబరులో తిరుపతి హోటళ్లకి బాంబు బెదిరింపు మెయిళ్లు వచ్చాయి, వెతికితే ఏమీ దొరకలేదు. అలాంటప్పుడు ఉన్నపళంగా దిగమంటారు. చెప్పులు, ఫోను, పర్సు, రెండు రోజుల మందులు, డాక్టరు చీటీ ఒకేచోట పెట్టుకుంటే నిమిషంలో బయటపడొచ్చు.

ఫస్ట్ ఎయిడ్ సంగతి తేలిపోయింది. నాలుగు బ్యాండ్-ఎయిడ్లు, ఒక గుడ్డపట్టీ. ఓఆర్ఎస్ లేదు. ఏప్రిల్, మే ఎండల్లో తిరిగేవాళ్లకి అదే ముందు కావాలి. ప్యాకెట్ మీద ఎన్ని నీళ్లని రాసుంటే అన్ని నీళ్లే పోయాలి. పెద్దది లీటరుకి, చిన్నది 200 మిల్లీలీటర్లకి. లీటరు ప్యాకెట్ గ్లాసుడు నీళ్లలో కలిపితే ఉప్పు మోతాదు మించి మేలుకి బదులు కీడే. రేకు దుప్పటి, దిక్సూచి మాత్రం పిల్లలకి ఇచ్చేయండి.

కాబట్టి నా ఓటు పౌచ్‌కి కాదు. టార్చి, విజిల్, అలారం విడిగా కొనుక్కోండి. వానాకాలం మాత్రం ఏ కిట్టూ ఆదుకోదు. 2021 నవంబరులో తిరుపతి వీధుల్లోకి వరద వచ్చింది, కొండ దారిలో చరియలు విరిగిపడ్డాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వస్తుంటే గ్రౌండ్ ఫ్లోర్ రూము వద్దు, తిరుగు ప్రయాణానికి ఒకరోజు వెసులుబాటు ఉంచుకోండి.

బెంగళూరు నుంచి కారులో వచ్చేవాళ్లు పలమనేరు దాటాక మొగిలి ఘాట్‌లో బరువు లారీల వెనక అంటుకుని నడపొద్దు. బ్రేకులు వేడెక్కితే పట్టు తప్పుతాయి. ఏదైనా జరిగితే 112, అంబులెన్సుకి 108, జాతీయ రహదారి మీదైతే 1033. ఈ దారి మూడు రాష్ట్రాల సరిహద్దులకి దగ్గర, కాబట్టి ఫోన్ ఎత్తగానే ముందు రాష్ట్రం, తర్వాత దగ్గరి ఊరు, ఆ తర్వాత కిలోమీటరు రాయి మీద నంబరు, ఏ వైపు వెళ్తున్నారో చెప్పండి.