గొంతునొప్పి నుంచి గుండె కవాటం దాకా

అందరికీ నమస్కారం.

ఆపరేషన్‌లో తీసేసిన మైట్రల్ కవాటాలు, అంటే గుండె ఎడమవైపు రెండు గదుల మధ్య తలుపులు, పరీక్ష కోసం మా పాథాలజీ బల్ల మీదికి వస్తుంటాయి. ఆరోగ్యమైన కవాటం రెక్క అవతలి వెలుగు కనబడేంత పల్చగా ఉంటుంది. గొంతునొప్పి తర్వాత కొందరు పిల్లల్లో కీళ్లనూ గుండెనూ పట్టే రుమాటిక్ జబ్బు సోకిన రెక్క బిరుసెక్కి, అంచులు అతుక్కుపోయి, మధ్యలో చేప నోరంత సందు మిగులుతుంది. 4 నుంచి 6 చదరపు సెంటీమీటర్లు ఉండాల్సిన ద్వారం 1.5 కంటే కిందికి పడిపోతుంది. అలాంటి రెక్కను కోసి ఎంత వెతికినా అందులో బ్యాక్టీరియా దొరకదు. దాన్ని పాడుచేసినవి మన ఒంటిని కాపాడాల్సిన కణాలే.

ఇలాంటి సభలోనే, ఈ జబ్బుకు పెన్సిలిన్ సూదులు వేయించుకుంటున్న బిడ్డ తల్లి ఒకామె నన్నడిగింది: "గొంతునొప్పి ఎప్పుడో తగ్గింది, మోకాళ్ల వాపూ పోయింది. ఇంకా సూదులెందుకండీ?"

ఆమెకు చెప్పిందే మీకూ చెబుతాను. గొంతునొప్పి తెచ్చే గ్రూప్-ఏ స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియా ఒంటి మీది ఎం ప్రోటీన్‌కి, మన గుండె కండరంలోని మయోసిన్ అనే ప్రోటీన్‌కి కొంత పోలిక ఉంది. బ్యాక్టీరియా కోసం తయారైన యాంటీబాడీలు కొందరు పిల్లల్లో, రెండు మూడు వారాలకు, కవాటం పైపొరనూ పట్టుకుంటాయి. దాంతో ఆ పొర మీద వీక్యామ్-1 అనే జిగురులాంటి అణువు పెరుగుతుంది. రక్తంలో పోతున్న టి-కణాలు, అంటే రోగాలతో పోరాడే ఒక రకం తెల్లకణాలు, దానికి అంటుకుని లోపలికి దూరతాయి. మామూలుగా రక్తనాళాలే ఉండని ఆ పల్చటి రెక్కలో కొత్త నాళాలు మొలుస్తాయి. ఇక కణాలు రావడానికి దారి పడినట్టే. వెనకే మాక్రోఫేజ్‌లు అనే మింగుడు కణాలూ చేరతాయి. గుండె కండరంలో అవి కట్టే చిన్న గడ్డలను లుడ్విగ్ ఆషాఫ్ 1904లోనే వర్ణించాడు.

1995లో బ్రెజిల్‌లోని సావో పాలోలో లూయిజా గిలెర్మే బృందం రోగుల గుండె కణజాలం నుంచే టి-కణాలను తీసి పెంచింది. ఒకే కణం అటు ఎం ప్రోటీన్‌నీ, ఇటు గుండె ప్రోటీన్లనీ గుర్తుపట్టింది. నా దృష్టిలో ఈ జబ్బు గురించి ఇంతకంటే సూటైన సాక్ష్యం లేదు.

మరి కండరం చాలావరకు కోలుకుంటుంది, కవాటం ఎందుకు కోలుకోదు? టి-కణాలు వదిలే ఇంటర్‌ఫెరాన్-గామా వాపును ఎగదోస్తుంది, ఇంటర్‌ల్యూకిన్-4 వంటివి దాన్ని అణచిపెడతాయి. కండరంలో ఇంటర్‌ల్యూకిన్-4 ఇచ్చే కణాలు తగినన్ని ఉంటాయి, కవాటంలో బహు తక్కువ. అందుకే అక్కడ వాపు ఏళ్ల తరబడి రగులుతూ మచ్చగా గట్టిపడుతుంది.

పెన్సిలిన్ ఆ మచ్చను మాన్పలేదు. కానీ బ్యాక్టీరియా మళ్లీ గొంతులో చేరితే పాత పోలికను గుర్తుంచుకున్న టి-కణాలు మళ్లీ లేస్తాయి, మళ్లీ ఆ రెక్క మీదే పడతాయి. 21 రోజులకోసారి ఇచ్చే బెంజథైన్ పెన్సిలిన్ సూది వాటికి ఆ పిలుపు అందకుండా చేస్తుంది. తుంటికి వేసే ఆ సూది బాగా నొప్పి పుడుతుంది, పిల్లలు ఏడుస్తారు, తెలుసు. అయినా అమ్మా, మోకాలు తగ్గిందంటే కవాటంలో దూరిన కణాలు వెళ్లిపోయాయని కాదు.