కింద పార్కింగ్, పైన కాపురం

నమస్కారమండీ. 2024 డిసెంబర్ 4 పొద్దున్న ఏడున్నరకి ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూకంపం వచ్చింది, గుర్తుందా? హైదరాబాద్, విజయవాడ దాకా మంచాలు కదిలాయి. మా అపార్ట్‌మెంట్లో అందరం టెన్షన్‌తో మెట్లు దిగి, తీరా వచ్చి పార్కింగ్‌లో నిలబడ్డాం. అంటే బిల్డింగ్‌లో అన్నిటికన్నా బలహీనమైన చోట అన్నమాట!

పై అంతస్తుల్లో ఇటుక గోడలుంటాయి కాబట్టి అవన్నీ ఒకే పెట్టెలా బిగుసుకుని ఉంటాయి, కింద ఉత్త పిల్లర్లే, అందుకని ఊపంతా వాటి మీదే పడుతుంది. 2001 జనవరి 26న భుజ్ భూకంపానికి రెండు వందల కిలోమీటర్ల పైన దూరంలో ఉన్న అహ్మదాబాద్‌లో కూడా పదుల సంఖ్యలో అపార్ట్‌మెంట్లు కూలాయి. వాటిలో చాలావాటికి కింద ఇలాంటి పార్కింగే.

పిల్లర్‌లో నిలువు ఊచలు ఎంత లావున్నాయని అందరూ అడుగుతారు, వాటిని పట్టి ఉంచే రింగుల సంగతి ఎవరూ అడగరు. రింగు కొసని 135 డిగ్రీలు వంచి లోపలి కాంక్రీట్‌లోకి దింపాలి. మనవాళ్లు చాలాచోట్ల 90 డిగ్రీలకే ఆపేస్తారు. ఊపుకి ఊచల మీద కప్పిన కాంక్రీట్ పెచ్చు రాలగానే ఆ కొస విచ్చుకుంటుంది, ఊచలు బయటికి ఉబ్బుతాయి, ఇక పిల్లర్ నిలవదు.

కట్టేసిన దాంట్లో ఇదెలా తెలుస్తుందంటారా? ముందు డ్రాయింగులు వెతకాలి, సాధారణంగా దొరకవు. అప్పుడు స్ట్రక్చరల్ ఇంజనీర్ కాంక్రీట్ గట్టిదనం తెలియడానికి రీబౌండ్ హ్యామర్ అనే పరికరంతో కొట్టి చూస్తారు, లోపల డొల్లలున్నాయేమోనని ధ్వని తరంగాలతో అల్ట్రాసోనిక్ పరీక్ష చేస్తారు, ఊచలు ఎక్కడున్నాయో మిషన్‌తో పట్టుకుంటారు, అవసరమైతే కోర్ (గుండ్రంగా కోసిన కాంక్రీట్ ముక్క) తీసి ల్యాబ్‌కి పంపుతారు, ఒకటి రెండు చోట్ల పెచ్చు తీసి రింగులు కళ్లారా చూస్తారు. దీనికి ఐఎస్ (భారతీయ ప్రమాణం) 15988 అని 2013 నాటి మార్గదర్శకాలున్నాయి. ఊచ వెంబడే నిలువుగా పగులొచ్చి తుప్పు మరక కనిపిస్తే మాత్రం పుట్టీ పెట్టి రంగు వేయించకండి, ముందు ఇంజనీర్‌ని పిలవండి.

బలపరచడానికి ఒక దారి జాకెటింగ్: ప్లాస్టర్ చెక్కేసి, పాత కాంక్రీట్‌ని గరుకు చేసి, చుట్టూ కొత్త ఊచలు, దగ్గరదగ్గరగా రింగులు కట్టి, కనీసం వంద మిల్లీమీటర్ల మందాన కాంక్రీట్ పోయడం. ఆ ఊచలు కింద పునాదిలోకీ, పైన స్లాబ్ దాటీ పోవాలి, లేకపోతే పిల్లర్‌కి చొక్కా తొడిగినట్టే. ఇంకో దారి, కొన్ని పిల్లర్ల మధ్య కాంక్రీట్ గోడలు కట్టడం. ఇది బాగా పనిచేస్తుంది, కాకపోతే రెండు మూడు కార్ల చోటు పోతుంది. మా అసోసియేషన్ మీటింగ్ ఆగిపోయింది సరిగ్గా అక్కడే. నా చోటు తీసుకోండన్నాను, నాకున్నది స్కూటరే మరి.