మణికట్టు విరిగి కట్టు విప్పాక సూర్యనమస్కారాలు ఎలా మొదలుపెట్టాలి

నమస్తే అండీ. ముందు నా కుడి చెయ్యి చూడండి, కెమెరా దగ్గరికి తెస్తున్నాను. ఎడమ మణికట్టు ఇంత వంగుతోంది, కుడిది ఇక్కడే ఆగిపోతోంది. వానకి తడిసిన మెట్ల మీద జారినప్పుడు చెయ్యి ఆనించబోయాను, బరువంతా అరచేతి మీద పడి ఎముక విరిగింది. 6 వారాలు పిండికట్టు. అది విప్పిన నాలుగో రోజే, నొప్పి లేదు కదా అని మ్యాట్ పరిచి సూర్యనమస్కారాలు చేసేశాను. సాయంత్రానికి వాపొచ్చి గ్లాసు కూడా పట్టుకోలేకపోయాను, కోలుకోవడం ఇంకో మూడు వారాలు వెనక్కి పోయింది. మీకు అలా జరగకూడదనే ఈ వీడియో.

మీది పిండికట్టయినా పుత్తూరు కట్టయినా సరే, ఎక్స్‌రేలో ఎముక అతికిందని డాక్టర్ చూసి, చేతి మీద బరువు వెయ్యొచ్చని చెప్పాకే ఇవి మొదలుపెట్టండి. ప్లేట్ వేయించుకున్నవాళ్లకి లెక్క వేరు, మీ సర్జన్‌నే అడగండి.

సూర్యనమస్కారంలో 12 స్థితులుంటే 3 నుంచి 10 దాకా చేతులు నేల మీదే ఉంటాయి. ప్లాంక్‌లో, అంటే అరచేతులు, కాలివేళ్ల మీద ఒళ్లంతా తిన్నగా నిలిపే స్థితిలో, మణికట్టు దాదాపు 90 డిగ్రీలు వెనక్కి వంగి ఒంటి బరువు మోస్తుంది. అందులో సుమారు 80 శాతం బొటనవేలి వైపున్న రేడియస్ ఎముక మీదికే వెళ్తుంది, చెయ్యి ఆనించి పడినప్పుడు ఎక్కువగా విరిగేదీ అదే. కండరాలు కూడా కట్టులో ఉండి సన్నబడి ఉంటాయి. నొప్పి పోయినంత త్వరగా బలం రాదు, నేను పొరపాటుపడింది అక్కడే.

మీ మణికట్టు ఎక్కడుందో తెలుసుకోవడానికి నమస్కార ముద్ర చాలు. అరచేతులు గడ్డం దగ్గర కలపండి, అలాగే మెల్లగా ఛాతీ వైపు దించండి. అరచేతుల కింది భాగాలు ఎక్కడ విడిపోతాయో అదే ఈరోజుటి మీ హద్దు. బలవంతంగా ఇంకా దించకండి. గోరువెచ్చని నీళ్లలో చెయ్యి కాసేపు ఉంచి చేస్తే నాకు హాయిగా ఉండేది.

బరువు సంగతి. ఒళ్లు బరువు చూసుకునే మెషిన్‌ని టేబుల్ మీద పెట్టి, నిలబడి అరచేత్తో మెల్లగా నొక్కండి. నొప్పి మొదలవకముందే ఆగి ముల్లు ఎక్కడుందో చూసి రాసుకోండి. నాకు మొదట్లో 3 కిలోలు దాటలేదు, ఏడుపొచ్చింది, కానీ ఆ అంకె నాకు చాలా మేలు చేసింది, ఎందుకంటే అంతకుముందు అంతా ఊహతోనే చేసేదాన్ని. మర్నాడు పొద్దున్నకి వాపు, సలుపు లేకపోతే కొద్దిగా పెంచండి, ఉంటే వెనక్కి తగ్గండి. తర్వాత గోడకి అరచేతులు ఆనించి ముందుకి వాలడం. నేల మీదికి రావడం చాలా తర్వాత, అప్పుడు కూడా పాత తువ్వాలు గట్టిగా చుట్టి అరచేతి కింది భాగం దాని మీద, వేళ్లు నేల మీద పెడితే మణికట్టు వంపు తగ్గుతుంది.

ఇలా చేస్తే అది యోగా ఎలా అవుతుందని కొంతమంది అడిగారు. పుణెలో యోగా గురువు బి.కె.ఎస్. అయ్యంగార్ గారు కుర్చీలు, తాళ్లు, దిమ్మెలతోనే ఎంతోమందికి నేర్పించారు, 1979లో ప్రమాదం జరిగాక తానూ వాటి సాయంతోనే మళ్లీ సాధనలోకి వచ్చారు. మనకి మొహమాటం ఎందుకండీ?

ఒక్క విషయం మాత్రం తేలిగ్గా తీసుకోకండి. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కుతున్నా, చెయ్యి మంటపుట్టి రంగు మారుతున్నా ఆసనాలు ఆపి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. 50 దాటిన ఆడవాళ్లు, మామూలుగా జారిపడితేనే ఎముక విరిగిందంటే, ఎముకల సాంద్రత పరీక్ష గురించి కూడా అడగండి, ఇది నన్నెవరూ అడగమనలేదు, ఆలస్యంగా తెలిసింది.

సరే, ఇక చేద్దాం. వంటింటి గట్టు దగ్గరికి రండి, అది కదలదు, జారదు. తువ్వాలు మడిచి వెయ్యండి. నమస్కారం, గడ్డం దగ్గరే. శ్వాస తీసుకుంటూ చేతులు పైకి. వదులుతూ నడుము దగ్గర వంగి మోచేతుల నుంచి వేళ్ల దాకా గట్టు మీద ఆనించండి, బరువు మోచేతుల మీదే, మణికట్టు తిన్నగా. కుడికాలు వెనక్కి. ఇప్పుడు ఎడమకాలు కూడా వెనక్కి, ఒళ్లంతా ఏటవాలుగా, వెన్ను వాలిపోకుండా. శ్వాస తీసుకుంటూ ఛాతీ పైకెత్తండి, ఇదే మన భుజంగాసనం. భుజాలు చెవులకి దూరంగా. వదులుతూ తుంటి వెనక్కి. కుడికాలు ముందుకి, ఎడమకాలు ముందుకి, మెల్లగా లేవండి. ఇప్పుడు ఎడమ వైపు మొదలుపెడదాం.