మీ ఆటకు తగ్గ క్యూ

శ్రోతలకు నమస్కారం.

ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత, టేబుల్ మీద బంతులను కర్రతో కొట్టి పాకెట్లలో వేసే స్నూకర్ విషయంలో సగమే నిజం. హిమాయత్‌నగర్‌లోనో, మారేడ్‌పల్లిలోనో, దిల్‌సుఖ్‌నగర్‌లోనో ఏ పార్లర్‌లో చూసినా గోడకున్న స్టాండులో పది పన్నెండు క్యూలు, అంటే ఆ కర్రలు, ఉంటాయి. ఒకదాని టిప్, అంటే కొసనున్న తోలు ముక్క, అరిగి బల్లపరుపుగా అయిపోయి ఉంటుంది. ఇంకోదానికి కొసన ఇత్తడి రింగు కదులుతుంటుంది. మూడోది వంగి ఉంటుంది. ఇవాళ ఒకటి, రేపు ఒకటి పట్టుకుని ఆడేవాళ్లకు తప్పు చేతిదో కర్రదో ఎప్పటికీ తేలదు. సొంత క్యూ కొనుక్కోమనేది అందుకే. అది ఖరీదైనది కానక్కర్లేదు, రోజూ అదే అయితే చాలు.

దీనికి కారణం ఉంది. తెల్ల బంతిని నట్టనడుమ కొడితే క్యూ చూసిన దిక్కుకే వెళ్తుంది. కాస్త ఎడమ పక్కన కొడితే బంతి తిరగడంతో పాటు, తగిలిన ఆ క్షణంలోనే కొద్దిగా కుడికి జరిగి బయల్దేరుతుంది. కుడి పక్కన కొడితే ఎడమకు. ఎంత జరుగుతుందన్నది ముఖ్యంగా క్యూ ముందు భాగం బరువును బట్టి, టిప్ దగ్గర దాని మందాన్ని బట్టి ఉంటుంది. ఏ రెండు కర్రలకూ ఈ లెక్క ఒకటి కాదు. నెలల తరబడి ఒకే క్యూతో ఆడితే మన కన్ను ఈ జరుగుడును పసిగట్టి, మనకు తెలియకుండానే గురిని ఆ మేరకు సవరించుకుంటుంది. క్యూ మార్చిన రోజున ఆ సవరణంతా వృథా. 12 అడుగుల టేబుల్ మీద ఈ చివరి నుంచి ఆ చివరికి కొట్టే దెబ్బలో వెంట్రుకవాసి తేడా కూడా పాకెట్ అంచుకు తగిలి బంతి బయటికి రావడానికి సరిపోతుంది.

అయితే ఎప్పుడు కొనాలి? క్యూకు ఆధారంగా టేబుల్ మీద పెట్టే చెయ్యి, అదే బ్రిడ్జ్, ఇంకా కదులుతున్నవాళ్లు తొందరపడొద్దు. పార్లర్ క్యూల్లోనే నిటారుగా ఉన్నదాన్ని ఒకదాన్ని గుర్తుపెట్టుకుని ఎప్పుడెళ్లినా దాంతోనే ఆడండి. రెడ్, కలర్, మళ్లీ రెడ్ అంటూ అప్పుడప్పుడూ 15, 20 పాయింట్ల బ్రేక్, అంటే ఒకే వంతులో వరసగా చేసే స్కోరు, పడుతోందంటే మొదటి క్యూకు వేళయినట్టే. ఈలోపు ఆ పార్లర్ క్యూని కొలిచి పెట్టుకోండి. కొనేటప్పుడు అదే మీకు కొలబద్ద.

కొలతల్లో మొదటిది పొడవు. నిబంధనల ప్రకారం క్యూ 3 అడుగులకు తక్కువ కాకూడదు. పెద్దవాళ్లు వాడేవి మామూలుగా 57, 58 అంగుళాలుంటాయి. నేల మీద నిలబెడితే భుజం దాకా రావాలని ఒక మోటు లెక్క చెబుతారు. అంతకన్నా నమ్మదగిన పరీక్ష టేబుల్ మీదే చేయాలి. వంగి, టిప్‌ను తెల్ల బంతికి దాదాపు ఆనించి ఆగండి. ఆ భంగిమలో వెనక చెయ్యి మోచేతి నుంచి మణికట్టు వరకు నిట్టనిలువుగా కిందికి దిగాలి. పిడికిలి వెనక రెండు మూడు అంగుళాల కర్ర మిగలాలి. ఐదారు అంగుళాలు మిగిలితే మీకది పొడవెక్కువ. ఏమీ మిగలకపోతే పొట్టి. పన్నెండేళ్ల లోపు పిల్లలకు 48 నుంచి 52 అంగుళాల క్యూలు దొరుకుతాయి. పెద్దయ్యాక కూడా పనికొస్తుందని పిల్లాడికి 58 అంగుళాలది కొనిస్తే, కర్రను మధ్యలో పట్టుకుని ఆడటం అలవాటవుతుంది. ఆ అలవాటు మాన్పించడం చాలా కష్టం.

బరువు ఔన్సుల్లో చెప్తారు. ఒక ఔన్సు 28 గ్రాముల పైచిలుకు. 17 ఔన్సులంటే 480 గ్రాములు, 18 అంటే 510, 19 అంటే 540. ఎక్కువమందికి 18కి కాస్త అటూ ఇటూ సరిపోతుంది. క్యూ మీద రాసి ఉన్న అంకెను నమ్మకుండా వంటింటి త్రాసు మీద పెట్టి చూడండి. బరువైన క్యూ దూరపు దెబ్బల్లో చేతికి శ్రమ తగ్గిస్తుంది, కానీ తెల్ల బంతిని నాలుగంగుళాలు మాత్రమే కదపాల్సిన చోట జోరు ఆపుకోలేం. మరీ తేలికదైతే బలం కోసం భుజం కూడా కదిలిస్తాం, గురి చెదురుతుంది.

బరువు ఎంతన్నది ఎంత ముఖ్యమో, ఎక్కడుందన్నదీ అంతే ముఖ్యం. క్యూని వేలి మీద అడ్డంగా నిలబెట్టి తూగే చోటు చూడండి. అది వెనకవైపు లావు భాగమైన బట్ కొస నుంచి 16, 18 అంగుళాల మధ్య ఉండాలి. కొత్తవాళ్లు దీన్ని అస్సలు పట్టించుకోరు. తూగే చోటు మరీ వెనకుంటే ముందు భాగం తేలికై, దెబ్బ వేసేటప్పుడు టిప్ పైకి లేస్తుంది. మరీ ముందుంటే బ్రిడ్జ్ చేతి మీద బరువు పడుతుంది.

టిప్ అడ్డుకొలత మూడో సంగతి. స్నూకర్ బంతి 52.5 మిల్లీమీటర్లు. దానికి 9 నుంచి 10 మిల్లీమీటర్ల టిప్ వాడతారు. పక్క టేబుల్ మీద ఆడే పూల్ క్యూ టిప్ 12, 13 మిల్లీమీటర్లు, దాని బంతి 57 మిల్లీమీటర్లు. టీవీలో పెద్ద ఆటగాళ్లను చూసి చాలామంది సన్నటి టిప్ అడుగుతారు. నేర్చుకునేవాళ్లకు అది మంచిది కాదు. సన్నటి టిప్‌తో కావాలని ఇచ్చే స్పిన్ తేలిగ్గా వస్తుంది, అక్కర్లేని స్పిన్ కూడా అంతే తేలిగ్గా వస్తుంది. మొదటి క్యూకు 9.5 గానీ 10 గానీ తీసుకోండి. 9 సంగతి తర్వాత చూడొచ్చు.

ఇక జాయింట్. ఒకే కర్రగా ఉండేది, మధ్యలో విడదీసేది, ముప్పావు దగ్గర విడదీసేది అని మూడు రకాలు. దెబ్బ అనుభూతిలో ఒకే కర్రకు సాటి లేదనేవాళ్లున్నారు. కానీ దాదాపు ఐదడుగుల పెట్టె వీపుకు తగిలించుకుని పంజాగుట్ట ట్రాఫిక్‌లో స్కూటర్ మీద వెళ్లి చూడండి. ముప్పావు జాయింట్ క్యూలో ముందు భాగం, అంటే షాఫ్ట్, ఒకే ముక్కగా ఉంటుంది. బంతి తగిలిన కదలిక చేతికి తెలుస్తుంది. అందుకే పోటీల్లో ఇది ఎక్కువ కనిపిస్తుంది. దాని పెట్టె కూడా మూడున్నర అడుగులు దాటుతుంది. కారుంటే అదే తీసుకోండి. రోజూ బండి మీదే వెళ్లే కుర్రాళ్లకు మధ్య జాయింటే మేలు. జాయింట్ సరిగ్గా కూర్చున్నదైతే నేర్చుకునే దశలో తేడా తెలియదు. ఏ రకమైనా, బట్ చివర ఎక్స్‌టెన్షన్, అంటే పొడవు పెంచే ముక్క, బిగించే మర ఉందో లేదో చూడండి. 12 అడుగుల టేబుల్ మీద అది లేకపోతే ప్రతి దూరపు బంతికీ, చేతికి బదులు క్యూకు ఆధారంగా పెట్టే పొడవాటి రెస్ట్ కోసం వెతుక్కోవాలి.

చెక్కలో షాఫ్ట్‌కు యాష్, మేపుల్ ప్రధానం. యాష్ మీద ముదురు గీతలు బాణాల్లా కనిపిస్తాయి. బాణం ఎప్పుడూ పైకే ఉండేలా పట్టుకుంటే క్యూ ప్రతిసారీ ఒకే తీరుగా చేతిలో కూర్చుంటుంది. మేపుల్ నున్నగా ఉంటుంది, గీతలు కనపడవు. కంటికి చిరాకు లేదని కొందరికి అదే ఇష్టం. మరీ చవక క్యూల్లో రమిన్ అనే చెక్క వాడతారు. చూడటానికి బాగానే ఉంటుంది, కానీ మెత్తన, త్వరగా వంగుతుంది. బట్‌కు నల్లటి ఎబొనీ వాడటం అందం కోసమే కాదు, అది బరువైన చెక్క కాబట్టి కూడా. మన ఆదిలాబాద్ అడవుల్లో బీడీ ఆకునిచ్చే తునికి చెట్టు ఈ ఎబొనీ వంశానిదే.

దుకాణంలో పరీక్ష ఇలా చేయండి. అందరూ చేసేది టేబుల్ మీద దొర్లించడం. అది సగం మోసం. క్యూ ఒక చివర లావు, ఒక చివర సన్నం, పైగా చాలావాటికి బట్ కొసన ఒక పక్క చదునుగా చెక్కి ఉంటుంది. నిటారుగా ఉన్నది కూడా దొర్లిస్తే ఎగిరెగిరి పడొచ్చు. బట్ వైపు నుంచి ఒక కన్ను మూసి టిప్ దాకా చూడండి, క్యూని నెమ్మదిగా తిప్పుతూ చూడండి. టిప్ వైపు నుంచి మరోసారి చూడండి. తర్వాత షాఫ్ట్‌ను రెండు వేళ్లతో వదులుగా పట్టుకుని, బట్ మీద అరచేత్తో తట్టండి. జర్‌మని చప్పుడొస్తే జాయింటో, ఇత్తడి రింగో, టిప్పో ఎక్కడో ఒకటి వదులుగా ఉన్నట్టు. జాయింట్ బిగించాక గోరుతో అతుకు మీద గీరండి. గోరు తట్టుకుంటే రెండు ముక్కలూ సరిగ్గా కలవలేదు. గీతలు షాఫ్ట్ పొడవునా నేరుగా సాగాలి. మధ్యలో పక్కకు జారిపోతే ఆ కర్ర ఏదో ఒక రోజు అటే వంగుతుంది.

స్థాయిని బట్టి చూస్తే, మొదటి క్యూ యాష్‌దై ఉండాలి. 57 అంగుళాలు, 18 ఔన్సులు, 9.5 లేదా 10 టిప్. బట్ మిషన్ మీద అతికినదైనా పర్వాలేదు. రెండు నెలల టేబుల్ ఖర్చును మించి దాని మీద పెట్టొద్దు. 40, 50 బ్రేకులు నిలకడగా పడుతున్నవాళ్లు చేత్తో అతికిన ముప్పావు జాయింట్‌కు వెళ్లొచ్చు, పాత క్యూ కొలతలు మాత్రం వదలకుండా. పొడవు, బరువు, టిప్ మూడూ ఒకేసారి మారిస్తే ఏది నప్పలేదో తెలియదు. కొలతలిచ్చి ప్రత్యేకంగా చేయించుకోవడం పోటీలు ఆడేవాళ్లకే. వాళ్లకు బట్ లావు 28 మిల్లీమీటర్లు కావాలో 30 కావాలో ఈపాటికి చెయ్యే చెబుతుంది.

కొన్నాక ఎక్కువ తప్పులు టిప్ దగ్గరే జరుగుతాయి. నిజానికి కొత్త క్యూ కొనాలనుకునేవాళ్లలో చాలామందికి కావాల్సింది కొత్త టిప్ మాత్రమే. కొత్త తోలు టిప్ మొదట్లో మెత్తగా ఉండి అంచులు బయటికి పొంగుతాయి. పొంగిన తోలును బ్లేడుతో ఇత్తడికి సమంగా కోయాలి, లేదంటే అంచు తగిలి బంతి దారి తప్పుతుంది. తలం అద్దంలా మెరుస్తుంటే, టిప్ జారకుండా రుద్దే చాక్ పట్టదు, టిప్ జారుతుంది. సన్నటి ఎమరీ కాగితంతో మెల్లగా గరుకు చేసి మళ్లీ గుమ్మటంలా తీర్చాలి. అరిగి రెండు మిల్లీమీటర్లకు దిగిందంటే మార్చేయాలి. మార్చేటప్పుడు పాత జిగురు పూర్తిగా గీకి, ఇత్తడి తలాన్ని చదును చేశాకే కొత్తది అతికించాలి. కొద్దిపాటి పాత జిగురు మిగిలినా టిప్ నాలుగు రోజుల్లో ఊడొస్తుంది. చాక్‌ను తిప్పి గుంట చేయకుండా, బొమ్మకు రంగు వేసినట్టు పైపైన రుద్దాలి.

మన ఊరి ఎండా వానా కూడా లెక్కలోకి తీసుకోండి. మే నెలలో కారు డిక్కీలో మధ్యాహ్నమంతా ఉన్న క్యూ, జులైలో తడి గోడకు చేరగిలబెట్టిన క్యూ, రెండూ వంగడానికి సిద్ధంగా ఉన్నవే. గోడకు వాలిస్తే కర్ర తన బరువుకే వంగుతుంది. పెట్టెలో పడుకోబెట్టండి. చెమట పట్టినప్పుడు షాఫ్ట్ అంటుకుంటుంటే పౌడర్ చల్లకండి. అది టేబుల్ గుడ్డను పాడు చేస్తుంది. తడిపి గట్టిగా పిండిన బట్టతో తుడిచి, వెంటనే పొడి బట్టతో రుద్దండి. ఏడాదికి రెండు మూడుసార్లు అవిసె నూనె నాలుగు చుక్కలు పలచగా రాసి, గంటాగి పూర్తిగా తుడిచేస్తే చాలు. ఎమరీ కాగితంతో నునుపు చేయాలని చూస్తే షాఫ్ట్ సన్నబడుతుంది, మళ్లీ లావు కాదు. ఇంకోటి, స్నూకర్ క్యూతో పూల్ బ్రేక్, అంటే ఆ ఆట మొదట్లో బంతులను చెదరగొట్టే దెబ్బ, కొట్టకండి. ఆ పెద్ద బంతి దెబ్బకు ఇత్తడి రింగు వదులవుతుంది, దాని కింద కర్ర చీలుతుంది.

చివరగా ప్రయాణం. ఏడుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయిన స్టీఫెన్ హెండ్రీ చిన్నప్పటి నుంచి వాడుతున్న క్యూ 2003లో విమాన ప్రయాణంలో విరిగిపోయింది. అది ఖరీదైనదేమీ కాదు, అయినా దానికి సాటి వచ్చే క్యూ మళ్లీ కుదరడం ఆయనకు తేలిక కాలేదు. శంషాబాద్ నుంచి వెళ్లేటప్పుడు క్యూని క్యాబిన్‌లోకి తీసుకెళ్లనివ్వరు, లగేజిలోనే వేయాలి. అందుకని మెత్తటి సంచి వద్దు, గట్టి పెట్టె కావాలి. జాయింట్ విప్పి, ఒక్కో ముక్కకూ బట్ట చుట్టి, టిప్ పెట్టె గోడకు తగలకుండా కొసన దూది కుక్కండి. దిగాక గది వాతావరణానికి అలవాటు పడేలా ఓ రాత్రి పెట్టెలోనే ఉంచి, మర్నాడు బిగించి కంటితో చూసుకున్నాకే టేబుల్ దగ్గరికి వెళ్లండి.

నమస్కారం.